పితృపక్షంలో పోయిన బోర్డు

2021 అక్టోబరు 1, శుక్రవారం. పంచాంగం చూస్తే భాద్రపద బహుళ దశమి. మహాలయ పక్షాలు నడుస్తున్నాయి. మనవైపు ఆ పదిహేను రోజులూ కొత్త పని మొదలుపెట్టరు. పోయిన పెద్దలకు తర్పణాలు వదులుతారు, స్వయంపాకం ఇస్తారు, ఇంట్లో పెళ్లి మాట ఎత్తరు. ఆ రోజున కలకత్తాలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు పోయింది. రెండు వారాలు తిరిగేసరికి, ఆశ్వయుజ శుద్ధ దశమి నాడు, దాని ఆస్తిని పంచుకున్న ఏడు కంపెనీలను ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. విజయదశమి కదా, ఆయుధాల కంపెనీలకు ముహూర్తం అతికినట్టు కుదిరింది. పోయినదాని తిథి మాత్రం ఎవరికీ పట్టలేదు.

కథలోకి వెళ్లేముందు ఒక తిరకాసు. ఆయుధ సామగ్రిని ఇంగ్లీషువాడు పిలిచే మాటకూ, చట్టసభ కూర్చోనప్పుడు సర్కారు తెచ్చే అత్యవసర శాసనాన్ని పిలిచే మాటకూ ఒక్క అక్షరమే తేడా. మన పత్రికలు ఆ తేడా కూడా పెట్టుకోవు. రెండూ ఆర్డినెన్సే. చిన్నప్పుడు నేను ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అంటే ఆర్డినెన్సులు అచ్చువేసే చోటనుకునేవాణ్ణి. ఆ పొరపాటు అంత పొరపాటేమీ కాదని 2021లో తెలిసింది. అక్కడికి వస్తాను.

ఈ ఇంటికి మూలపురుషుడు ఈస్టిండియా కంపెనీ. 1775 ఏప్రిల్ 8న ఫోర్ట్ విలియంలో బోర్డ్ ఆఫ్ ఆర్డినెన్స్ ఏర్పాటుకు అనుమతి దొరికింది. పటాలానికి తుపాకులు, మందు, గుళ్లు, జీనులు, డేరాలు ఎక్కణ్ణించి వస్తున్నాయి, ఎక్కడ పడి ఉన్నాయి, ఎవరి పద్దులో ఉన్నాయి అని చూసుకోవడం దాని పని. కాలక్రమంలో వంశం రెండు పాయలైంది. నిలవచేసి పంచిపెట్టేవాళ్లు ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ అయ్యారు. తయారుచేసేవాళ్లు ఫ్యాక్టరీల్లో ఉండిపోయారు. మన కథ ఆ రెండో పాయది.

1787లో హుగ్లీ ఒడ్డున తుపాకిమందు ఫ్యాక్టరీ పెట్టారు. మన శ్రీకాకుళం ఇచ్ఛాపురం కాదు, బెంగాలు ఇచ్ఛాపూర్. తెల్లవాళ్ల నోట్లో అది ఇషాపూర్ అయి, తర్వాత లక్షల తుపాకుల మీద ఆ పేరే పడింది. బీహారు నుంచి సురేకారం పడవల మీద దిగేది. గంధకం, బొగ్గు కలిపి నూరితే మందు. ఆ తొలిరోజుల్లో ఇషాపూర్, పల్తాల దగ్గర మందు వ్యవహారం చూసినవాడు జాన్ ఫార్కర్ అనే స్కాట్లండువాడు. మొదట పర్యవేక్షకుడు. తర్వాత సర్కారుకు మందు అమ్మే ఏకైక కాంట్రాక్టరు. చిరిగిన బట్టలు, చాలీచాలని తిండి, పేరుమోసిన పిసినారి. కొనేవాడొక్కడే, అమ్మేవాడూ ఒక్కడే అయితే డబ్బు ఎలా పోగవుతుందో చెప్పక్కర్లేదు. ఇంగ్లండు తిరిగి వెళ్లి 1822లో ఫాంట్‌హిల్ ఆబే అనే మహా సౌధాన్ని 3,30,000 పౌండ్లు పోసి కొన్నాడు. 1825 డిసెంబరులో దాని గోపురం కుప్పకూలింది. ఈ వంశ చరిత్ర రాసేవాళ్లు ఫార్కర్‌ను పెద్దగా తలవరు. నాకు మాత్రం ఆ గోపురం దగ్గరే కథ అంతా ముందుగా జరిగిపోయినట్టు అనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచివాడు రేమాండ్ ఫిరంగులు పోత పోయిస్తున్నాడు. 1798లో ఆయన చనిపోయాడు. అదే ఏడాది కంపెనీవాళ్లు నిజాంతో ఆ ఫ్రెంచి పటాలాన్ని రద్దుచేయించారు. మనకు గన్‌ఫౌండ్రీ అని ఒక పేట పేరు మిగిలింది. కలకత్తా వాళ్లకు వంశం మిగిలింది. 1802 మార్చి 18న కాశీపూర్‌లో ఫిరంగి బండ్ల పని మొదలైంది. ఆ తేదీనే తర్వాత తర్వాత ఆయుధ కర్మాగారాల దినోత్సవంగా జరుపుకునేవారు.

1857 నాటికి ఈ ఇల్లు ఎంత లోతుగా వేళ్లూనుకుందంటే, తిరుగుబాటు కూడా దీని గడపలోనే పుట్టింది. డమ్‌డమ్ మందుగుండు శాలలో పనిచేసే ఖలాసీ ఒకడు బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్లడిగాడట. మైల అని సిపాయి ఇవ్వలేదు. కొవ్వు పూసిన తూటాలు రేపు నోటితో కొరకబోతున్నావు, అప్పుడు నీ కులం ఏమవుతుందో చూస్తానన్నాడట ఖలాసీ. ఆ మాట బారక్‌పూర్ చేరింది. మే 11న ఢిల్లీలో మందుగుండు శాల తిరుగుబాటుదార్ల చేతికి పోకుండా, దాన్ని కాపాడుతున్న లెఫ్టినెంట్ విలోబీ మనుషులే పేల్చేశారు. కశ్మీరీ గేటు దగ్గర దాని మొండిగోడల ద్వారం ఇంకా ఉంది.

ఇక్కడ తేదీలు ఒక ఆట ఆడతాయి. మంగళ్ పాండేను బారక్‌పూర్‌లో ఉరితీసింది 1857 ఏప్రిల్ 8న. బోర్డు పుట్టినరోజూ ఏప్రిల్ 8. మూడో ఏప్రిల్ 8 కూడా ఉంది, దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

పందొమ్మిదో శతాబ్దం చివర డమ్‌డమ్ పేరు ప్రపంచమంతా మోగింది, మంచి కారణానికి కాదు. అక్కడ కెప్టెన్ బెర్టీ క్లే ముక్కు దగ్గర సీసం బయటపడేలా చేసిన తూటా ఒంట్లో దూరి పువ్వులా విచ్చుకునేది. 1899లో హేగ్‌లో దేశాలు కూర్చుని అలాంటివాటిని నిషేధించాయి. కలకత్తా శివారు పేట ఒకటి అలా నిఘంటువులకు ఎక్కింది. 1904లో ఇషాపూర్ పాత మందు ఫ్యాక్టరీ చోట రైఫిల్ ఫ్యాక్టరీ లేచింది. అదే ఏడాది జబల్‌పూర్‌లో ఫిరంగి బండ్ల ఫ్యాక్టరీ, నీలగిరుల్లో అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ. రెండు ప్రపంచ యుద్ధాలూ ఈ ఇంటిని పుష్టిగా మేపాయి. దేశం చీలినప్పుడు ఆయుధ కర్మాగారాలన్నీ మనవైపే ఉండిపోయాయి. పాకిస్తాన్ వాహ్‌లో కొత్తగా కట్టుకోవలసి వచ్చింది.

స్వాతంత్ర్యం తుపాకి మీద ఎలా కనిపించిందంటే, ఇషాపూర్ రైఫిలు మీద కిరీటం ముద్ర పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. కింద మూడక్షరాలు, ఆర్‌ఎఫ్‌ఐ. తెలుగునాట 1980ల్లో, 90ల్లో చెక్‌పోస్టుల దగ్గర బస్సు ఆపి సంచులు వెతికిన కానిస్టేబుల్ భుజాన వేలాడింది ఈ త్రీనాట్‌త్రీయే. దాన్ని చూసి భయపడ్డ తరం ఒకటి మనకుంది. ఆ ఇనుము ఎక్కడిదని అప్పుడెవరం అడగలేదు.

1962లో హిమాలయాల మీద చైనావాళ్ల ముందు మన జవాన్ల చేతుల్లోనూ అదే ఉంది, ఒక్కో గుండుకు ఒక్కోసారి బోల్టు లాగవలసిన తుపాకి. అంతకుముందు కొన్నేళ్లుగా కృష్ణ మీనన్ రక్షణ మంత్రిగా ఉండగా ఈ ఫ్యాక్టరీల్లో ఖాళీగా ఉన్న యంత్రాల మీద పౌర వస్తువులు కూడా చేయించారు. కాఫీ పెర్కొలేటర్ల మాట పార్లమెంటులో ప్రతిపక్షానికి దొరికింది. ఓడిపోయాక ఆ ఎగతాళి శాపంలా అంటుకుంది. నా మటుకు నాకు మీనన్ ఆ ఒక్క విషయంలో తప్పు చేశాడనిపించదు. యుద్ధం లేనప్పుడు యంత్రం ఏం చేయాలన్న ప్రశ్న అడిగినవాడు ఆయనే. ఆ తర్వాత అరవయ్యేళ్లపాటు దాన్ని మళ్లీ గట్టిగా ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఈ ఇంటి చావుకు వచ్చింది.

ఓటమి తర్వాత కొన్నాళ్లు నిజంగా మంచి రోజులు. ఇషాపూర్ నుంచి ఎస్‌ఎల్‌ఆర్ రైఫిళ్లు వచ్చాయి. 1965లో ఆవడిలో విజయంత ట్యాంకు బయటికి వచ్చింది. జబల్‌పూర్ నుంచి శక్తిమాన్ లారీలు, జోంగా జీపులు. జోంగా ఏ భాషా పదమూ కాదు, జబల్‌పూర్ ఫ్యాక్టరీ పేరులోని ఇంగ్లీషు అక్షరాలు ఏరి కూర్చింది. మిలిటరీ వేలంలో కొన్న జోంగాను కొండదారుల్లో తిప్పినవాళ్లను అడగండి, ఇప్పటికీ దాని ఇంజను గురించి అరగంట చెబుతారు. 1979 ఏప్రిల్ 2న అప్పటిదాకా డైరెక్టర్ జనరల్ కింద నడిచిన ఫ్యాక్టరీలన్నిటికీ పైన బోర్డును కూర్చోబెట్టారు. దాని భవనం కలకత్తాలో శహీద్ ఖుదీరామ్ బోస్ రోడ్డు, 10-ఏ. తెల్లవాళ్ల మీద బాంబు విసిరినందుకు 18 ఏళ్లకే ఉరికంబమెక్కిన పిల్లవాడి పేరున్న వీధిలో, తెల్లవాళ్ల మందుగుండు వంశం.

ఇక మన గుమ్మంలోకి వచ్చిన ముక్క. 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన ఇందిరాగాంధీ, 1984లో ఎద్దుమైలారంలో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. అక్టోబరు చివర ఆమె లేరు. కాగితాల మీద అది ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మెదక్, సంగారెడ్డి జనం నోట ఓడీఎఫ్. ఆర్టీసీ బస్సు కండక్టరు కూడా ఓడీఎఫ్ అనే అరుస్తాడు. 1987 నుంచి అక్కడ సోవియట్ నమూనా బీఎంపీ-2 బండిని శరత్ అనే పేరుతో చేస్తున్నారు. పైన 30 మిల్లీమీటర్ల ఫిరంగి, లోపల ముగ్గురు సిబ్బంది, ఏడుగురు జవాన్లు. నేల మీద ఎంత తేలిగ్గా పోతుందో, నీళ్లలో అంత తేలిగ్గా ఈదుతుంది. మెట్ట పొలాల మధ్య క్వార్టర్లు, కేంద్రీయ విద్యాలయం, షిఫ్టు సైరన్. చుట్టుపక్కల ఊళ్లలో ఓడీఎఫ్ సంబంధం అంటే అమ్మాయి తండ్రి మారుమాట్లాడేవాడు కాదు. 2008లో ఐఐటీ హైదరాబాద్ పుట్టినప్పుడు దానికి సొంత చూరు లేదు, తలదాచుకున్నది ఈ ఫ్యాక్టరీ ఆవరణలోనే. కందిలో సొంత కట్టడాలు లేచేదాకా దేశం ఏరికోరి తెచ్చుకున్న పిల్లలు యుద్ధ బండ్ల ఫ్యాక్టరీ నీడన చదువుకున్నారు.

ఫ్యాక్టరీల మనుషుల భాషలో రెండు మాటలు వింటే ఇల్లు ఎలా నడిచేదో అర్థమవుతుంది. ఒకటి ఇండెంట్. సైన్యం తనకేం కావాలో, ఎన్ని కావాలో రాసి పంపే కాగితం. రెండోది లోడ్. ఆ ఇండెంట్ వల్ల ఈ ఏడు చేతినిండా ఎంత పని ఉందన్నది. లోడ్ ఉంటే పీస్‌వర్క్, ఓటీ, పిల్లల ఫీజు. లోడ్ లేకపోతే మెషీను ముందు ఊరికే నిలబడటం. కొనేవాడొక్కడే. వాడు వేరే దుకాణానికి పోలేడు. ధర కూడా లాభం లేదు, నష్టం లేదన్న పద్ధతిలో, అయిన ఖర్చంతా వస్తువు మీద వేసి తీసుకోవడమే. పెద్ద ఆయుధాల నమూనా గీసేది డీఆర్‌డీవో, బాగుందో లేదో తేల్చేది నాణ్యతా విభాగం, కొనేది సైన్యం. తప్పు జరిగితే నలుగురూ పక్కవాణ్ణి చూపించేవారు, చివరికి తిట్టు మాత్రం వస్తువు మీద ముద్ర ఎవరిదైతే వాళ్లకు పడేది.

తిట్లకు లోటు లేదు. ఇన్సాస్ రైఫిలు కార్గిల్ చలిలో మేగజైన్ పగిలిందన్న పేరు తెచ్చుకుంది. నమూనా పుణె ప్రయోగశాలది, తయారీ ఇషాపూర్, తిరుచ్చి, కాన్పూర్‌లది. చివరికి 2019లో సైన్యం అమెరికా సిగ్ రైఫిళ్లు 72,400 తెప్పించుకుంది. నలంద కథ ఇంకా దయనీయం. 1999లో జార్జ్ ఫెర్నాండెజ్ రక్షణ మంత్రిగా ఉంటూ తన నియోజకవర్గంలోనే శంకుస్థాపన చేశారు. సాంకేతికత ఇస్తామన్న దక్షిణాఫ్రికా కంపెనీని 2005లో బ్లాక్‌లిస్టు చేశారు. తర్వాత వచ్చిన ఇజ్రాయెల్ కంపెనీ గతీ అంతే. లంచాల కేసులు ఫ్యాక్టరీల తలవాకిళ్ల దాకానే కాదు, పైగదుల దాకా వెళ్లాయి. 2009లో బోర్డుకు అధిపతిగా చేసి దిగినాయన్నే సీబీఐ అరెస్టు చేసింది. కాగ్ నివేదికలు ఏటా గడువులు, ధరలు, తిరిగొచ్చిన తూటాల లెక్కలు ఒకేలా రాసేవి. కమిటీల మీద కమిటీలు, కేల్కర్ అని, రామన్ పురి అని, షేకట్కర్ అని. కంపెనీలుగా మార్చండి అన్న సలహా ఫైళ్లలో అప్పటికే ముదిరింది.

మంచి పని చేసినా కలిసిరాని దశ ఒకటుంటుంది. 1986 బోఫోర్స్ ఒప్పందంతో వచ్చిన ఫిరంగి నమూనా కాగితాలు దాదాపు పాతికేళ్లు అల్మారాల్లో దుమ్ము తిన్నాయి. వాటిని తీసి, పెంచి, జబల్‌పూర్ వాళ్లు ధనుష్ చేశారు. గొట్టం పొడవు 45 కాలిబర్లు, గుండు 38 కిలోమీటర్లు పోతుంది. మధ్యలో జర్మనీవని చెప్పి చైనా బేరింగులు అంటగట్టిన సరఫరాదారు మీద సీబీఐ కేసు. అయినా మొదటి ఆరు తుపాకులు సైన్యం చేతికిచ్చారు. ఆ రోజు 2019 ఏప్రిల్ 8. మూడోసారి.

అదే ఏడాది ఆగస్టు 20న మూడు కార్మిక సమాఖ్యలూ, ఎర్రజెండా, మూడు రంగులు, కాషాయం, ఒకే గేటు ముందు నిలబడి నెల్లాళ్ల సమ్మె మొదలుపెట్టాయి. ప్రభుత్వం చర్చలన్నాక వారంలోపే విరమించాయి. ఆ ఐక్యత అపురూపమైనది, కానీ ఆలస్యమైనది. అప్పటికే గోడలకు నీరు దిగింది. 2001లోనే ప్రైవేటువాళ్లకు ఈ రంగం తలుపు తీశారు. 2017లో జవాను యూనిఫాంను బట్టగా ఇవ్వడం మానేసి, ఏడాదికి 10,000 రూపాయల డ్రెస్ అలవెన్సు ఖాతాలో వేయడం మొదలైంది. చూడ్డానికి చిన్న మార్పు. కానీ 1914 నుంచి సైన్యానికి బట్టలు కుడుతున్న షాజహాన్‌పూర్ లాంటి చోట అదేం చేసిందో ఊహించండి. కొనేవాడొక్కడే ఉన్న దుకాణం ముందునుంచి ఆ ఒక్కడూ సంచి పట్టుకుని బజారుకు వెళ్లిపోయాడు.

2020 మే 16న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కరోనా ప్యాకేజీ ప్రకటనల మధ్య బోర్డును కార్పొరేట్ చేస్తామన్నారు. ప్రైవేటీకరణ కాదు, కార్పొరేటీకరణ అని విడమరిచారు. తర్వాత షేర్ మార్కెట్టుకు తీసుకెళ్తామనీ అన్నారు. అదే నెలల్లో ఈ ఫ్యాక్టరీలే మాస్కులు, పీపీఈ సూట్లు కుడుతున్నాయి, శానిటైజర్ కలుపుతున్నాయి, ఆసుపత్రులకు డేరాలు వేస్తున్నాయి. మీనన్ నాటి పెర్కొలేటర్ల ప్రశ్నకు జవాబు ఆ కుట్టుమిషన్ల మీద దొరికింది. వినేవాళ్లు అప్పటికే లేచి వెళ్లిపోయారు.

2021 జూన్ 16న కేంద్ర మంత్రివర్గం ఆమోదం. కార్మికులు మళ్లీ సమ్మె అన్నారు. జూన్ 30న అత్యవసర రక్షణ సేవల ఆర్డినెన్స్ వచ్చింది: సమ్మె నిషేధం, చేస్తే జైలు. ఆగస్టులో అది చట్టమైంది. ముందే చెప్పిన తిరకాసు ఇదే. ఒక ఆర్డినెన్స్ వచ్చి ఇంకో ఆర్డినెన్స్ నోటికి గుడ్డ కట్టింది. 1775లో ఫోర్ట్ విలియం ఆజ్ఞతో పుట్టినది ఆజ్ఞతోనే పోవాలని రాసిపెట్టి ఉంది కాబోలు.

పంపకాలు అన్నదమ్ముల పంపకాల్లాగే జరిగాయి. 41 ఫ్యాక్టరీల్లో 12 మందుగుండు వాటికి, అవి పుణెకు. 8 ఆయుధాలకు, కాన్పూర్. 8 విడిభాగాలకు, నాగపూర్. బండ్లు 5, ఆవడి. మన ఎద్దుమైలారం వాటిలో ఒకటి. బట్టలు, డేరాలవి 4. అద్దాలు, దూరదర్శినులవి 3, డెహ్రాడూన్. పారాచూట్లు చేసే కాన్పూర్ ఫ్యాక్టరీ ఒక్కటీ ఒక కంపెనీ, వేరుపడిన చిన్న తమ్ముడు ఒక్క గదిలో కాపురం పెట్టినట్టు. కలకత్తాకు ఏమీ రాలేదు. ఇషాపూర్, కాశీపూర్, డమ్‌డమ్ ఎక్కడివక్కడే ఉన్నాయి, పెత్తనాలు మాత్రం రైలెక్కి వెళ్లాయి. ఆరు నెలలు తిరిగాక ఏడింటిలో ఆరు లాభం చూపించాయని ప్రభుత్వం ప్రకటించింది. మందుగుండు కంపెనీకి విదేశీ ఆర్డర్లు వస్తున్నాయి. ఏడుపు రాసేవాడు ఇది దాచకూడదు. ఇల్లు పడ్డాక ఇటుకలకు మంచి ధరే పలికింది.

మనుషుల సంగతి మిగిలింది. చివరి రోజుకు దాదాపు 70,000 మంది. వాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులుగా చేరారు, కంపెనీ ఉద్యోగులం కాబోమన్నారు. అందుకు దొరికిన దారి డీమ్డ్ డిప్యుటేషన్. డిప్యుటేషన్ అంటే సొంత శాఖ నుంచి కొన్నాళ్లకు అరువు వెళ్లడం, పని తీరాక ఇంటికి రావడం. వీళ్లు కుర్చీలోంచి కదలకుండానే అరువు వెళ్లారు. సెప్టెంబరు 30 సాయంత్రం కార్డు కొట్టి బయటికి వచ్చిన గేటులోంచే అక్టోబరు 1 పొద్దున లోపలికి వెళ్లి, అదే మెషీను ముందు వేరేవాళ్ల మనుషులయ్యారు. మొదట రెండేళ్లన్నారు. తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చారు.

అరువు వెళ్లినవాళ్లకు పుట్టిల్లంటూ ఒకటి కాగితం మీదైనా ఉండాలి కదా. అందుకని కలకత్తాలో ఒక చిన్న డైరెక్టరేట్ మిగిల్చారు. ఖుదీరామ్ బోస్ రోడ్డు, 10-ఏ, అదే ఆయుధ్ భవన్. ఇండెంట్లు ఇప్పుడు అక్కడికి రావు. ఎద్దుమైలారంలో శరత్ బండికి బోల్టు బిగించే మనిషి ఎవరింటి మనిషని ఎవరైనా అడిగితే, జవాబు ఆ భవనం పేరే.